ఆటో అప్‌డేట్ తర్వాత పోస్ట్‌గ్రెస్ లేవడం లేదు: డేటా పోయినట్టేనా, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉబుంటు 22.04 సర్వర్, అందులో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) 14, దాని మీద స్కూలు ఫీజుల అప్లికేషన్. పొద్దున 6:40 ప్రాంతంలో సర్వర్ తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పట్నుంచి అప్లికేషన్ “కనెక్షన్ రెఫ్యూజ్డ్” అంటోంది. సర్వీస్ స్టేటస్ చూస్తే మాత్రం పచ్చగా “యాక్టివ్” అని ఉంది. పోస్ట్‌గ్రెస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందా, డేటా ఉందా పోయిందా అని మీ ప్రశ్న.

డేటా దాదాపు ఖాయంగా ఉంది. పోస్ట్‌గ్రెస్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఉబుంటు ఆటో అప్‌డేట్ మిమ్మల్ని 14లో ఒక చిన్న వెర్షన్ నుంచి 14లోనే ఇంకో చిన్న వెర్షన్‌కు తీసుకెళ్తుంది. అలా వెళ్లినప్పుడు మారేది ప్రోగ్రామ్ ఫైళ్లు మాత్రమే, డేటా ఫైళ్ల ఫార్మాట్ మారదు. మీ పట్టికలన్నీ /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/14/మెయిన్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. మీ లక్షణాలను బట్టి జరిగింది ఇదై ఉండాలి: అప్‌డేట్ చివర్లో సర్వర్ రీస్టార్ట్ అయింది, ఏదో కారణాన తిరిగి లేవలేదు. ఆ కారణం లాగ్‌లో చివరి 50 వరుసల్లో రాసి ఉంటుంది. ఇలాంటి వాటిలో డేటా పోయేది అప్‌డేట్ వల్ల కాదు, ఆ తర్వాత గంటలో కంగారుగా చేసే పనుల వల్ల. అందుకే ముందు చేయకూడనివి చెప్పి, తర్వాత చేయాల్సినవి చెప్తాను.

(కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లో కొట్టండి. అడ్డగీతలు, అండర్‌స్కోర్లు నేను రాసిన చోటే ఉంటాయి.)

చేయకూడనివి. ఆప్ట్ పర్జ్ కొట్టకండి. అది ప్యాకేజీతో పాటు డేటా ఫోల్డర్‌ను కూడా తుడిచేసే దాకా వెళ్లగలదు. పీజీ_రీసెట్‌వాల్ అనే టూల్ గురించి ఎక్కడైనా చదివి ఉంటే దాన్ని ముట్టుకోకండి. సర్వర్‌ను అది ఎలాగోలా లేపుతుంది, కానీ చివరి లావాదేవీలు పోవచ్చు, లోపల పట్టికలకు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పోవచ్చు. పీజీ_వాల్ ఫోల్డర్‌లో (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే వాల్ అనే చిట్టా ఉండే చోటు) ఫైళ్లు తీసేసి జాగా చేయకండి. ఈ ఫోల్డర్ పేరు పూర్వం పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని ఉండేసరికి జనం మామూలు లాగ్ అనుకుని తుడిచేసేవారు, అందుకే వెర్షన్ 10లో పేరు మార్చారు. డేటా ఫోల్డర్‌కు సీహెచ్‌మోడ్ 777 ఇవ్వకండి. అలా ఇస్తే పోస్ట్‌గ్రెస్ లేవడానికే ఒప్పుకోదు.

పోస్ట్‌మాస్టర్.పిడ్ ఫైల్ తీసేయమనే సలహా కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. ముందు పీఎస్ కమాండ్‌తో పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒక్కటైనా బతికి ఉందేమో చూడండి. ఉంటే ఆ ఫైల్ జోలికి పోకండి. ఒకే డేటా ఫోల్డర్ మీద రెండు సర్వర్లు నడిస్తే ఆ డేటాను బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

ముందుగా కాపీ. సర్వర్ పడిపోయి ఉన్నప్పుడే డేటా ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకోండి. డీయూ -ఎస్‌హెచ్‌తో ఫోల్డర్ ఎంత ఉందో, డీఎఫ్ -హెచ్‌తో ఖాళీ ఎంతుందో చూసి, వీలైతే వేరే డిస్క్‌లోకి సీపీ -ఎ లేదా ఆర్‌సింక్ -ఎ తో తీసుకోండి. పీజీ_వాల్ సహా మొత్తం రావాలి. అది లేని కాపీ పనికిరాదు. టేబుల్‌స్పేస్‌లు (కొన్ని పట్టికలను వేరే చోట దాచే ఏర్పాటు) వాడుతుంటే పీజీ_టీబీఎల్‌ఎస్‌పీసీ ఫోల్డర్‌లో ఉన్న లింకులు చూపించే చోట్లను కూడా విడిగా కాపీ చేయాలి. /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్‌ను మరిచిపోకండి, ఉబుంటులో సెట్టింగులు డేటాతో కాక అక్కడ ఉంటాయి. క్లౌడ్ సర్వర్ అయితే డిస్క్ స్నాప్‌షాట్ ఇంకా తేలిక. ఇది అయ్యాక తర్వాత ఏం పొరపాటు జరిగినా వెనక్కి రావచ్చు.

ఇప్పుడు ఆ “యాక్టివ్” సంగతి. ఉబుంటు, డెబియన్‌లలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే సర్వీస్ ఉత్త గొడుగు. అది లేవగానే తన పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుంది. సరిగ్గా చూస్తే పక్కన బ్రాకెట్లో “ఎగ్జిటెడ్” అని కూడా ఉంటుంది. దాని కింద ఉన్న అసలు సర్వర్ చచ్చినా అది పచ్చగానే కనిపిస్తుంది. మీరు చూడాల్సిన సర్వీస్ పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@14-మెయిన్. ఇంకా తేలికైన దారి పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ అనే కమాండ్. వెర్షన్, పోర్ట్, లేచి ఉందా పడి ఉందా, డేటా ఎక్కడ, లాగ్ ఎక్కడ, అన్నీ ఒకే వరుసలో చూపిస్తుంది. ఆ వరుసలో మీకు “డౌన్” అని కనిపించాలి.

తర్వాత, ఏం మారిందో చూడండి. /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్‌లో ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు ఎన్ని గంటలకు మారిందో ఉంటుంది. /వార్/లాగ్/అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఫోల్డర్ కూడా చూడండి. పోస్ట్‌గ్రెస్ పేరే అక్కడ లేకపోవచ్చు. ఓపెన్ఎస్ఎస్ఎల్ లాంటి లైబ్రరీ మారినా, కెర్నల్ మారి మిషన్ రీబూట్ అయినా పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ అవుతుంది.

ఈ రీస్టార్ట్ మాట గట్టిగా పట్టుకోండి. చాలా కేసుల్లో అప్‌డేట్ కొత్తగా ఏదీ పాడుచేయదు. ఎప్పుడో చేసిన తప్పు రీస్టార్ట్‌తో బయటపడుతుంది, అంతే. ఆర్నెల్ల కిందట ఎవరో సెట్టింగుల ఫైల్‌లో ఒక విలువ మార్చి ఉంటారు. సర్వర్ పాత విలువతోనే నడుస్తూ వచ్చింది. రీస్టార్ట్ అయిన రోజున కొత్త విలువను మొదటిసారి చదివి, పడుకుంది.

లాగ్ ఇక్కడ: /వార్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-14-మెయిన్.లాగ్. టెయిల్ -ఎన్ 50 తో చివర చదవండి. అందులో ఏమీ లేకపోతే జర్నల్‌సీటీఎల్ -యు తర్వాత పైన చెప్పిన అసలు సర్వీస్ పేరు ఇవ్వండి. పీజీ_సీటీఎల్‌క్లస్టర్ 14 మెయిన్ స్టార్ట్ అని కొడితే ఎర్రర్ నేరుగా తెర మీదే వస్తుంది. అక్కడ “ఫేటల్” అన్న వరుస, దాని కింద “డీటెయిల్”, “హింట్” అన్న వరుసలు, మూడూ కలిపి చదవండి. సాధారణంగా కనిపించేవి ఇవి:

“కుడ్ నాట్ మ్యాప్ అనానిమస్ షేర్డ్ మెమరీ” అంటే షేర్డ్_బఫర్స్ విలువ మిషన్ మోయలేనంత ఉంది. మొత్తం ర్యామ్‌లో నాలుగో వంతు పెట్టండి. 4 జీబీ ర్యామ్ అయితే 1 జీబీ. సెట్టింగుల ఫైల్‌లో మార్చినా అదే ఎర్రర్ వస్తుంటే, డేటా ఫోల్డర్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అనే ఇంకో ఫైల్ ఉంటుంది. ఆల్టర్ సిస్టమ్ కమాండ్‌తో పెట్టిన విలువలు అక్కడ చేరతాయి, వాటిదే పైచేయి. మామూలుగా దాన్ని చేత్తో మార్చొద్దంటారు, కానీ సర్వర్ పడి ఉన్నప్పుడు వేరే దారి లేదు. ఆ ఒక్క వరుస తీసేయండి.

“నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైజ్” అంటే చెప్పేదేముంది, డిస్క్ నిండింది. డీఎఫ్ -హెచ్‌తో పాటు డీఎఫ్ -ఐ కూడా చూడండి. జాగా ఉన్నా ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు డిస్క్‌లో ఉండే నమోదులు) అయిపోతే ఇదే ఎర్రర్ వస్తుంది. అప్‌డేట్ దించుకున్న ప్యాకేజీలే చివరి కాస్త జాగా తినేసి ఉండొచ్చు. ఆప్ట్ క్లీన్ కొట్టండి, జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్ కొట్టండి. చాలాసార్లు సర్వర్ లేవడానికి ఆ కొంచెం చాలు. లేచాక, పీజీ_వాల్ ఎందుకు పెరిగిందో వెతకాలి. ఎప్పుడో ఆపేసిన రెప్లికా (నకలు సర్వర్) తాలూకు స్లాట్ పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో మిగిలిపోయినా, వాల్ ఫైళ్లను వేరేచోట దాచే ఆర్కైవ్_కమాండ్ రోజూ విఫలమవుతున్నా, వాల్ ఫైళ్లు కదలకుండా పేరుకుపోతాయి. ఆ స్లాట్‌ను డ్రాప్ చేస్తే, లేదా ఆర్కైవ్‌ను సరిచేస్తే, పోస్ట్‌గ్రెస్ తనంతట తానే వాటిని శుభ్రం చేసుకుంటుంది.

“కుడ్ నాట్ యాక్సెస్ ఫైల్” అని ఏదో లైబ్రరీ పేరు వస్తే, షేర్డ్_ప్రీలోడ్_లైబ్రరీస్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్ (పోస్ట్‌గ్రెస్‌కు అదనపు పనులు చేర్చేది) ప్యాకేజీ మిషన్‌లో లేదన్నమాట. ఆ ప్యాకేజీ తిరిగి పెట్టండి. గణాంకాల కోసం పెట్టుకున్నది లాంటిదైతే ఆ పేరు తాత్కాలికంగా తీసేసినా సర్వర్ లేస్తుంది. టైమ్‌స్కేల్‌డీబీ లాంటిదైతే అలా తీయకండి, దాని పట్టికలు ఆ లైబ్రరీ లేకుండా పనిచేయవు.

“ఇన్‌వాలిడ్ పర్మిషన్స్” అంటే డేటా ఫోల్డర్‌కు 0700 లేదా 0750 తప్ప వేరేది ఉంది. యజమాని పోస్ట్‌గ్రెస్ యూజరే అవ్వాలి. ఎస్ఎస్ఎల్ ప్రైవేట్ కీ ఫైల్ మీద కూడా ఇలాంటి ఫిర్యాదే వస్తుంది. కీ పోస్ట్‌గ్రెస్ యూజర్‌ది అయితే 0600, రూట్‌ది అయితే 0640 వరకు ఒప్పుకుంటుంది.

“ద డేటాబేస్ సిస్టమ్ ఈజ్ స్టార్టింగ్ అప్” అన్నది అసలు ఎర్రర్ కాదు. ముందు సర్వర్ సరిగా ఆగకపోతే వాల్ నుంచి కోలుకుంటోంది. పెద్ద డేటాబేస్‌కు నిమిషాలు పట్టొచ్చు. ఆగండి. మధ్యలో కిల్ -9 కొడితే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

కారణం సరిచేశాక సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్‌తో అసలు సర్వీస్‌నే లేపండి. లేవగానే, అప్లికేషన్ తెరవకముందే, పీజీ_డంపాల్‌తో ఒక బ్యాకప్ తీయండి. అది ప్రతి పట్టికనూ మొదటి వరుస నుంచి చివరి దాకా చదువుతుంది కాబట్టి ఎక్కడైనా పేజీ చెడి ఉంటే అక్కడే బయటపడే అవకాశం ఎక్కువ.

ఇక్కడిదాకా మీ కేసు. ఇదే ఇబ్బందితో వచ్చే మరికొందరి కేసులు పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ మూలం వేరు. అవి కూడా రాస్తాను, ముఖ్యంగా ఎర్రర్ లేకుండా పేర్లు దొరకని కేసు, ఎందుకంటే అది మీ సర్వర్‌కూ వర్తించొచ్చు.

సర్వర్ లేచింది, కానీ పట్టికలు లేవు. ఇది ఉబుంటునే కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు వస్తుంది. 20.04లో పోస్ట్‌గ్రెస్ 12, 22.04లో 14, 24.04లో 16 ఉంటాయి. 22.04 నుంచి 24.04కు వెళ్తే 16 పక్కన వచ్చి చేరుతుంది, దానికి కొత్తగా ఖాళీ క్లస్టర్ (సొంత డేటా ఫోల్డర్, పోర్ట్ ఉన్న విడి సర్వర్) తయారవుతుంది. మీ 14 పాత పోర్ట్ 5432లో, కొత్త 16 పోర్ట్ 5433లో ఉంటాయి. ఎవరైనా 14 ప్యాకేజీ తీసేస్తే పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్‌లో “డౌన్, బైనరీస్_మిస్సింగ్” అని వస్తుంది. డేటా అక్కడే ఉంటుంది, దాన్ని తెరిచే ప్రోగ్రామే ఉండదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపాజిటరీ నుంచి 14 ప్యాకేజీ పెడితే తెరుచుకుంటుంది.

16కు మార్చాలంటే పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 14 మెయిన్. అయితే 16 మెయిన్ అనే ఖాళీ క్లస్టర్ ముందే ఉంటే అది ఒప్పుకోదు. దాన్ని పీజీ_డ్రాప్‌క్లస్టర్‌తో తీయాలి. ఈ కమాండ్‌లో 16 బదులు 14 అని కొడితే ఉన్న డేటా అంతా పోతుంది. కొట్టే ముందు పోర్ట్ 5433కు కనెక్ట్ అయి అందులో నిజంగా ఏమీ లేదని కళ్లతో చూసుకోండి. అప్‌గ్రేడ్ మామూలుగా డంప్ (డేటా మొత్తాన్ని బయటికి రాసిన కాపీ) తీసి రీస్టోర్ చేసే పద్ధతిలో జరుగుతుంది కాబట్టి డిస్క్‌లో ఇంకో అంత జాగా కావాలి. అయ్యాక పోర్ట్‌లు అదే మారుస్తుంది, కొత్తది 5432 తీసుకుంటుంది. పాతది ఆపి ఉంచుతుంది. కనీసం ఒక నెలాఖరు లెక్కలు సరిపోయాయని చూసుకునే దాకా పాతదాన్ని ఉంచండి. లింక్ పద్ధతి (కాపీ చేయకుండా పాత ఫైళ్లనే పంచుకునేది) వాడితే మాత్రం కొత్తది ఒకసారి లేచాక పాతదానికి వెనక్కి వెళ్లలేరు.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను ఇమేజ్ అనే సిద్ధం చేసిన ప్యాకెట్ల నుంచి నడిపే పద్ధతి) ఇదే కథ ఇంకోలా వస్తుంది. ఇమేజ్ పేరు చివర “లేటెస్ట్” అని పెట్టి, ఆటోమేటిక్‌గా ఇమేజ్‌లు మార్చే టూల్ నడుపుతుంటే, ఒక పొద్దున 16 కాస్తా 17 అవుతుంది. “డేటాబేస్ ఫైల్స్ ఆర్ ఇన్‌కంపాటిబుల్ విత్ సర్వర్” అని ఆగిపోతుంది. ఆగింది కాబట్టి డేటాకు ఏమీ కాలేదు. ట్యాగ్ 16కు తిప్పి లేపండి, డంప్ తీయండి, కొత్త వాల్యూమ్‌లో కొత్త వెర్షన్‌కు ఎక్కించండి. అధికారిక ఇమేజ్‌లో 18 నుంచి డేటా మౌంట్ చేసే చోటు కూడా మారింది. చివర ఉండే /డేటా లేకుండా /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కే వాల్యూమ్ కట్టాలి.

ఎర్రర్ ఏమీ రాదు, కానీ వెతికితే కొన్ని పేర్లు దొరకవు. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. సర్వర్ లేవకపోతే అందరికీ తెలుస్తుంది. ఇది నెలల తరబడి ఎవరికీ తెలియదు.

పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరుసక్రమాన్ని మామూలుగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచి తెచ్చుకుంటుంది. ఆ క్రమం ప్రకారమే టెక్స్ట్ కాలమ్ ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) పేర్చి డిస్క్ మీద రాస్తుంది. రేపు జీలిబ్‌సీ మారి క్రమం మారితే, డిస్క్ మీద ఇండెక్స్ పాత క్రమంలో ఉంటుంది, వెతికేవాడు కొత్త క్రమంలో వెతుకుతాడు. హాజరు పట్టీ పాత వరుసలో రాసి ఉండగా, టీచర్ కొత్త వరుసలో పేజీ తిప్పి “ఈ పేరు లేదు” అన్నట్టు. పేరు ఉంది, వెతికిన చోట లేదు.

2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఈ క్రమం భారీగా మారింది. తేడా చూడాలంటే “1-1”, “11” అనే రెండు వరుసలను యూఎస్ ఇంగ్లిష్ లొకేల్‌లో (భాషా సెట్టింగ్) సార్ట్ చేయండి. పాతదాంట్లో 11 ముందు వస్తుంది, కొత్తదాంట్లో 1-1 ముందు వస్తుంది. “9-ఎ”, “10-బి” లాంటి సెక్షన్ పేర్లు, గీతలున్న అడ్మిషన్ నంబర్లు, రసీదు నంబర్లు టెక్స్ట్‌గా దాచుకునే స్కూలు అప్లికేషన్‌కు ఇది నేరుగా తగులుతుంది. ఉబుంటు 18.04, డెబియన్ 9, రెడ్‌హ్యాట్ 7 నుంచి పైకి వచ్చిన సర్వర్లు ఈ గీత దాటినవే. తర్వాతి వెర్షన్లలో మార్పు అంత పెద్దది కాకపోయినా, సిస్టమ్ వెర్షన్ మారిన ప్రతిసారీ టెక్స్ట్ ఇండెక్స్‌లు తిరగకట్టడమే నేను చెప్పే పద్ధతి. మీ 22.04 సర్వర్ మొదట్లో 18.04గా పుట్టి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిందా అన్నది కనుక్కోండి.

ఇక్కడ మీకు ఇంకో చిక్కుంది. డేటాబేస్ మొత్తానికి “కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్” అన్న హెచ్చరిక పోస్ట్‌గ్రెస్ 15 నుంచే వస్తుంది. 14లో డేటాబేస్ డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాల వరుసక్రమ నియమం) మారితే ఒక్క మాట కూడా అనదు. కాబట్టి హెచ్చరిక లేదు కదా అని ఊరుకోకూడదు.

పరీక్షించడానికి ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ ఉంది. 14లో దాన్ని అన్ని డేటాబేస్‌ల మీదా నడిపే పీజీ_ఆమ్‌చెక్ అనే టూల్ కూడా ఉంది. సర్వర్ నడుస్తుండగానే వాడొచ్చు, డిస్క్ మీద బరువు పడుతుంది కాబట్టి సాయంత్రం పెట్టుకోండి. చేత్తో చూడాలంటే ఒక సెషన్‌లో ఎనేబుల్_ఇండెక్స్‌స్కాన్, ఎనేబుల్_ఇండెక్స్‌ఓన్లీస్కాన్, ఎనేబుల్_బిట్‌మ్యాప్‌స్కాన్ మూడూ ఆఫ్ చేసి అనుమానమున్న నంబర్‌తో వెతకండి. మామూలుగా దొరకనిది ఇలా దొరికితే ఇండెక్స్ చెడినట్టే.

సరిచేసే వరుస ముఖ్యం. మొదట, ఆ మూడూ ఆఫ్‌లో ఉంచి, యూనిక్ అయి ఉండాల్సిన కాలమ్‌లలో డూప్లికేట్లు వెతకండి. చెడిన ఇండెక్స్ “ఈ నంబర్ లేదు” అని చెప్పడంతో అదే అడ్మిషన్ నంబర్ రెండోసారి చేరి ఉండొచ్చు. రెండు వరుసల కిందా ఫీజులు కట్టి ఉండొచ్చు, కాబట్టి ఏది ఉంచాలో ఏది కలపాలో ఆఫీసులో లెక్కలు చూసేవారిని కూర్చోబెట్టి తేల్చండి. ఇది కంప్యూటర్‌కు వదిలే పని కాదు. తర్వాత రీఇండెక్స్. డూప్లికేట్లు ఉండగా చేస్తే “కుడ్ నాట్ క్రియేట్ యూనిక్ ఇండెక్స్” అని ఆగిపోతుంది. రీఇండెక్స్ కన్‌కరెంట్లీ అంటే అప్లికేషన్ ఆపక్కర్లేదు, కానీ మీ వెర్షన్ 14.0 నుంచి 14.3 మధ్యది అయితే అది వాడకండి. ఆ వెర్షన్లలో కన్‌కరెంట్లీతో కట్టిన ఇండెక్సే చెడిపోయే లోపం ఉండేది, 2022 జూన్‌లో 14.4లో సరిచేశారు. 15 ఆపైన అయితే అన్నీ అయ్యాక ఆల్టర్ డేటాబేస్ రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ కొట్టాలి. ఆ కమాండ్ ఒక్కటే కొడితే హెచ్చరిక మాయమవుతుంది, ఇండెక్స్ మాత్రం చెడే ఉంటుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

నంబర్, తేదీ, యూయూఐడీ కాలమ్‌ల ఇండెక్స్‌లకు ఇదేమీ వర్తించదు. సీ కొలేషన్‌లో (అక్షరాల కోడ్ నంబర్ల వరుస) ఉన్న టెక్స్ట్‌కూ వర్తించదు. అందుకే కొత్తగా కట్టే డేటాబేస్‌లలో సీ లేదా, 17 నుంచి పోస్ట్‌గ్రెస్ తనలోనే పెట్టుకున్న సీ.యూటీఎఫ్-8 వాడమంటాను. తెలుగు పేర్లకు ఆ క్రమం దాదాపు సరిపోతుంది, యూనికోడ్‌లో ళ, ఱ లాంటివి తప్ప మన హల్లులు వర్ణమాల వరుసలోనే ఉన్నాయి కాబట్టి. సున్నా మాత్రం అచ్చుల కంటే ముందుంటుంది, ఒకటి రెండు చోట్ల తేడా కనిపిస్తుంది. జాబితా అచ్చు వేసేటప్పుడు సరైన క్రమం కావాలంటే ఆ ఒక్క క్వెరీలో ఆర్డర్ బై తర్వాత తెలుగు ఐసీయూ (భాషల వారీ క్రమాలు తెలిసిన లైబ్రరీ) కొలేషన్ ఇస్తే చాలు. ఇండెక్స్‌ను దాని మీద కట్టనక్కర్లేదు.

డాకర్ వాడేవారు కూడా ఇది గమనించాలి. ట్యాగ్ 16 అని మాత్రమే పెడితే పోస్ట్‌గ్రెస్ 16గానే ఉంటుంది కానీ కింద డెబియన్ మారిపోతుంది. బుక్‌వర్మ్ (డెబియన్ 12) నుంచి ట్రిక్సీకి (డెబియన్ 13) అలాగే మారింది, జీలిబ్‌సీ 2.36 నుంచి 2.41 అయింది. ట్యాగ్‌లో డెబియన్ పేరు కూడా రాయండి.

మిగతావి త్వరగా. పెద్ద వెర్షన్ మారాక అంతా నెమ్మదిస్తే గణాంకాలు లేకపోవడమే కారణం కావచ్చు. పీజీ_అప్‌గ్రేడ్ వాటిని 18కి ముందు వెర్షన్లలో తీసుకురాదు. వాక్యూమ్‌డీబీ --ఆల్ --ఎనలైజ్-ఇన్-స్టేజెస్ నడపండి. 14 నుంచి కొత్త పాస్‌వర్డ్‌లు స్క్రామ్ పద్ధతిలో దాచబడతాయి. పాత జావా డ్రైవర్ 42.2.0 కంటే కిందిదైతే లాగిన్ అవ్వదు. 15 నుంచి కొత్త డేటాబేస్‌లలో పబ్లిక్ స్కీమాలో మామూలు యూజర్ పట్టిక సృష్టించలేడు. “పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్” అంటే యూజర్‌కు గ్రాంట్ ఇవ్వండి, సూపర్‌యూజర్ చేసేయకండి.

పోస్ట్‌జీఐఎస్, టైమ్‌స్కేల్‌డీబీ లాంటి ఎక్స్‌టెన్షన్లు వాడేవారికి చిన్న వెర్షన్ కూడా ఇబ్బంది పెట్టొచ్చు. 2024 నవంబరు 14న వచ్చిన 17.1, 16.5, 15.9, 14.14 లాంటివాటిలో లోపలి నిర్మాణం ఒకటి సైజు మారింది. ముందటి వెర్షన్‌కు కంపైల్ చేసిన టైమ్‌స్కేల్‌డీబీ దానితో నడిస్తే క్రాష్ అయ్యేది. వారానికే, నవంబరు 21న 17.2, 16.6, 15.10, 14.15 విడుదల చేసి సరిచేశారు. మీ హిస్టరీ లాగ్‌లో ఇలాంటి నంబర్ కనిపిస్తే వెనక్కి వెళ్లడం కంటే ముందుకు వెళ్లడమే మేలు.

వెనక్కి వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. పోస్ట్‌గ్రెస్ చిన్న వెర్షన్లలో సాధారణంగా వెళ్లొచ్చు, పాత ప్యాకేజీ దొరికితే. /వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో మిగిలి ఉందేమో చూడండి. అందుకే ఆప్ట్ క్లీన్ కొట్టే ముందు, జాగా ఉంటే, ఆ ఫైల్‌ను పక్కన పెట్టుకోవడం మంచిది. పెద్ద వెర్షన్‌లో వెనక్కి దారి లేదు, డంప్ ఒక్కటే. మైఎస్‌క్యూఎల్ 8.0 వాడేవారికి చిన్న వెర్షన్‌లో కూడా వెనక్కి దారి లేదు. 2024 జులైలో 8.0.38లో పదివేలకు పైగా పట్టికలుంటే రీస్టార్ట్‌లో క్రాష్ అయ్యే లోపం వచ్చినప్పుడు 8.0.39 కోసం ఆగాల్సి వచ్చింది.

ఇకమీదట ఏం చేయాలి? ఆటో అప్‌డేట్‌ను శాశ్వతంగా ఆపేయమని నేను చెప్పను. పిల్లల వివరాలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న సర్వర్‌కు భద్రతా సవరణలు రావాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌ను మాత్రం మనిషి చూస్తుండగా అప్‌డేట్ చేయండి. /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి/50అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్‌లో ప్యాకేజ్-బ్లాక్‌లిస్ట్ అనే చోట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్- అని చేర్చండి. చిన్న వెర్షన్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల రెండో గురువారం వస్తాయి. ఆ తర్వాత వచ్చే ఆదివారం మీరే పెట్టుకోండి. 14కు సవరణలు 2026 నవంబరు వరకే కాబట్టి పెద్ద వెర్షన్‌కు మారడం కూడా వేసవి సెలవుల్లో ప్లాన్ చేసుకోండి, అడ్మిషన్ల సీజన్‌లో కాదు.

సమయం సంగతి కూడా. ఉబుంటు ఆటో అప్‌డేట్ సర్వర్ గడియారం ప్రకారం ఉదయం 6 నుంచి 7 మధ్య నడుస్తుంది. మీది భారత కాలమానంలో ఉంది కాబట్టి పొద్దున్నే జరిగింది. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీలో ఉంటాయి, అక్కడ 6 అంటే మనకు పగలు 11:30, ఫీజు కౌంటర్ దగ్గర వరుస ఉన్న వేళ. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆప్ట్-డైలీ-అప్‌గ్రేడ్.టైమర్ తెరిచి, ఆన్‌క్యాలెండర్= అని ఖాళీగా ఒక వరుస, దాని కింద మీకు కావలసిన సమయంతో ఇంకో వరుస పెట్టండి. ఖాళీ వరుస లేకపోతే పాత సమయం, కొత్త సమయం రెండూ అమల్లో ఉంటాయి.

ఆ సమయానికి గంట ముందు పీజీ_డంప్ -ఎఫ్‌సి (ఎఫ్ పెద్దక్షరం, సి చిన్నక్షరం) నడిచేలా పెట్టండి. యూజర్ల కోసం పీజీ_డంపాల్ --గ్లోబల్స్-ఓన్లీ విడిగా తీయాలి, పీజీ_డంప్ వాటిని తీయదు. నెలకోసారి ఆ ఫైల్‌ను వేరే మిషన్‌లో రీస్టోర్ చేసి నిన్నటి చివరి రసీదు నంబర్ అందులో ఉందో లేదో చూడండి. సెట్టింగులు మార్చిన ప్రతిసారీ పీజీ_ఫైల్_సెట్టింగ్స్‌లో ఎర్రర్ కాలమ్, పీజీ_సెట్టింగ్స్‌లో పెండింగ్_రీస్టార్ట్ కాలమ్ చూసి, మీరే అదే రోజు రీస్టార్ట్ చేయండి.

ఇవన్నీ చూశాక కూడా లేవకపోతే ఇక్కడే ఇవి పెట్టండి: పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ చూపిందంతా, లాగ్ చివరి 50 వరుసలు, హిస్టరీ లాగ్‌లో ఆ రోజు భాగం, డీఎఫ్ -హెచ్, ఫ్రీ -హెచ్. లాగ్‌లో క్వెరీలతో పాటు పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు పడి ఉండొచ్చు, పెట్టే ముందు వాటిని తీసేయండి.